ఎవరికి పరిహారం? – చెరుకు దీవులూ, మన వెట్టీ

మా చిన్నతనంలో చలికాలం వచ్చిందంటే కోరుట్ల – మెట్‌పల్లి రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరేవి. ముత్యంపేట చక్కెర కర్మాగారానికి పోయే బండ్లవి. బడి నుంచి వస్తూ వెనక నుంచి ఓ గడ లాక్కుని పరుగెత్తడం మా ఊరి పిల్లలందరికీ వచ్చిన విద్య. బండి తోలేవాడు చూసినా ఓ తిట్టు తిట్టి ఊరుకునేవాడు. ఆ గడను పళ్ళతో చీల్చుకు తిన్న తీపికీ, అట్లాంటిక్ సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న కొన్ని చిన్న దీవుల చరిత్రకూ ఏదో సంబంధం ఉందని అప్పుడెవరైనా చెప్పినా నమ్మి ఉండేవాణ్ణి కాను.

కొన్నాళ్ళుగా ఆ దీవుల చరిత్రే చదువుతున్నాను. ఇక్కడ రాయబోయే వాటిలో చాలాభాగం పెద్దలు ఇదివరకే రాసినవి, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అయితే ఒకచోట మాత్రం ఆగిపోయాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ చరిత్రకారులు 2013లో ఒక పెద్ద పట్టికను అందరూ చూసుకునే వీలు కల్పించారు. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు ఎవరెవరికి ఎంతెంత పరిహారం ముట్టిందో అందులో పేరుపేరునా ఉంది. ఏ దీవి, ఏ తోట, ఎన్ని తలలు, ఎన్ని పౌండ్లు, ఎన్ని షిల్లింగులు, ఎన్ని పెన్నీలు... కరణం గారి లెక్కంత పద్ధతిగా ఉంది. పరిహారం ముట్టింది యజమానులకు. బానిసలుగా బతికినవారికి, అలా బతికినందుకు, ఒక్క పెన్నీ రాలేదు.

ఆ పట్టిక చూస్తున్నప్పుడే మా నాయనమ్మ ఎప్పుడో అన్న మాట గుర్తుకొచ్చింది. "గప్పుడు దండుగ పైసలు మర్ల వచ్చినయి బిడ్డా" అనేది. ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అక్కడికి రావాలంటే ముందు చెరుకు సంగతి చెప్పుకోవాలి.

చెరుకు పుట్టిల్లు న్యూగినీ ప్రాంతమంటారు. కానీ దాని రసాన్ని కాచి పలుకులు కట్టించడం మన దేశంలోనే మొదలయింది. సంస్కృతంలోని శర్కరే పారశీకంలో షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, యూరపు భాషలన్నిటిలోకీ పాకింది. మన చక్కెరా అదే. ఖండశర్కరలోని ఖండ శబ్దమే ఇంగ్లీషువాళ్ళ కాండీకి మూలం. మాట ప్రయాణించిన దారినే మొక్కా ప్రయాణించింది. అరబ్బులతో మధ్యధరా తీరానికి, అక్కడి నుంచి పోర్చుగీసు, స్పెయిను వాళ్ళతో అట్లాంటిక్ దీవులకు, 1493లో కొలంబస్ రెండవ యాత్రలో కరీబియన్ దీవులకు చేరింది. 1640ల నుంచి బార్బడోస్‌లో, ఆ తరువాత ఇంగ్లీషువారు 1655లో స్పెయిన్ నుంచి పట్టుకున్న జమైకాలో, ఫ్రెంచివారి సాన్ డొమాంగ్‌లో (నేటి హైతీ) చెరుకే రాజ్యమేలింది.

చెరుకుకు ఒక గుణం ఉంది. కోరుట్ల రైతునెవరినడిగినా చెబుతాడు. నరికిన తరువాత అది ఆగదు. ఒకటి రెండు రోజులు గడిస్తే రసం పులుస్తుంది, తీపి చస్తుంది, తూకం పడిపోతుంది. అందుకే ఫ్యాక్టరీ గేటు ముందు బండి రెండు రోజులు నిలిచిపోతే రైతు గుండె అలా కొట్టుకుంటుంది. కరీబియన్ తోటల యజమానులు ఈ గుణాన్ని మనుషుల మీదకు మళ్ళించారు. నరకడం, మోయడం, గానుగాడించడం, కాచడం అంతా ఒకే గొలుసు. ఎక్కడ ఆగినా నష్టమే. కోతల కాలంలో పగలంతా పొలంలో పనిచేసిన మనిషి రాత్రి వంతుకు కాగు పెట్టే కొట్టంలోకి పోవాలి. బలమైన ఆడామగా అంతా ఒక జట్టు, అర్భకులూ ఎదిగే పిల్లలూ రెండో జట్టు, గడ్డి కోసే చిన్న పిల్లలు మూడో జట్టు. ఒక్కొక్క జట్టు వెనక కొరడాతో ఒక మేస్త్రి. మూడు రోలర్ల గానుగలో గడలు పెట్టేవాళ్ళు నిద్రమత్తులో చెయ్యి లోపలికి పోనిచ్చేవారు. గానుగ ఆగేలోగా మనిషే పోతాడు కనుక, చెయ్యి నరకడానికి పక్కనే ఒక కత్తి సిద్ధంగా ఉంచేవారని ఆనాటి వర్ణనలున్నాయి.

యంత్రాల ఫ్యాక్టరీలు ఇంగ్లండులో రాక మునుపే, గంటల లెక్కన, వంతుల లెక్కన మనిషిని నడిపించే పద్ధతి ఈ తోటల్లో తయారయిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. నాకూ సబబుగానే తోస్తుంది.

అంకెలు రెండు చెప్పి ముందుకు పోతాను. ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించినవారు మొత్తం సుమారు కోటీ 25 లక్షల మంది. ఆవలి ఒడ్డుకు ప్రాణాలతో చేరినవారు సుమారు కోటీ 7 లక్షలు. ఇందులో ఒక్క జమైకాలో దిగినవారే దాదాపు 10 లక్షలు. 1834లో విముక్తి చట్టం అమలులోకి వచ్చేనాటికి జమైకాలో ఉన్న బానిసలు సుమారు 3 లక్షల 11 వేలు! కొందరిని అక్కడి నుంచి వేరే వలసలకు మళ్ళీ అమ్మారన్నది లెక్కలోకి తీసుకున్నా, మిగతావారూ, వారికి పుట్టవలసిన పిల్లలూ ఏమయ్యారు? ఆఫ్రికా నుంచి నేరుగా ఉత్తర అమెరికాలో దిగినవారు 4 లక్షల లోపే. వాళ్ళ సంతతి 1860 నాటికి 40 లక్షలయింది. అక్కడ బానిసత్వం సుఖమైనదని కాదు నేను అనేది. చెరుకు మనుషులను ఎంత వేగంగా తిన్నదో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదని మాత్రమే.

మన వాళ్ళ చెయ్యి కూడా ఈ కథలో ఉంది. ఉన్నదంటే, తెలిసి కాదు. ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి యూరపు వర్తకులు తీసుకుపోయిన సరుకుల్లో ముఖ్యమైనది బట్ట. అందులో పెద్దభాగం మన దేశపుది. కోరమాండల్ తీరపు నీలిమందు గుడ్డలకు 'గినీ బట్ట' అనే పేరే స్థిరపడిపోయింది. గోదావరి, కృష్ణా డెల్టాలలోని సాలెవాళ్ళు నేసిన గుడ్డ మచిలీపట్నంలోనో, మాధవాయపాలెంలోనో కుంపిణీ ఓడలెక్కి, లండన్ చేరి, అక్కడి నుంచి ఆఫ్రికాకు పోయి, ఒక మనిషికి వెలగా చెల్లింది. ఆ నేతగాడికి ముట్టింది కుంపిణీ గుమాస్తా ఇచ్చిన బయానా, ఆ బయానాతో మెడకు తగులుకున్న బాకీ. సిరిసిల్ల మగ్గాల సందుల్లో తిరిగేటప్పుడు ఈ సంగతి నాకు తరచు గుర్తుకొస్తుంటుంది. సిరిసిల్లకు ఆ వర్తకంతో సంబంధం ఉందని కాదు. బయానాకూ బాకీకీ మధ్య దూరం ఎంత తక్కువో అక్కడ ఇప్పటి మనుషుల ముఖాల్లో కనిపిస్తుంది కనుక.

సరే, పరిహారం మాట.

1791 ఆగస్టులో సాన్ డొమాంగ్ బానిసలు తిరగబడ్డారు. సుమారు 5 లక్షల మంది బానిసలున్న, ప్రపంచంలోకెల్లా సంపన్నమైన వలస అది. పదమూడేళ్ళు పోరాడి 1804లో హైతీ అనే స్వతంత్ర దేశాన్ని స్థాపించుకున్నారు. నెపోలియన్ సైన్యాన్ని కూడా ఓడించారు. కానీ 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను తెచ్చి రేవులో నిలబెట్టి, తమ తోటల యజమానులకు కలిగిన 'నష్టానికి' 15 కోట్ల ఫ్రాంకులు చెల్లిస్తేనే స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తామన్నది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. నష్టమంటే భూమి మాత్రమే కాదు, ఆ భూమి మీది మనుషులు కూడా. తమను తాము విడిపించుకున్నందుకు తామే వెల కట్టుకున్నారన్నమాట. కట్టలేక అప్పులు చేశారు. ఆ అప్పుల తాలూకు చెల్లింపులు 1947 దాకా సాగాయి. మనకు స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం!

బ్రిటన్ కథ ఇంకా మర్యాదగా నడిచింది. 1833లో చట్టం చేశారు, 1834 ఆగస్టు 1 నుంచి అమలు. యజమానులకు 2 కోట్ల పౌండ్లు; అది ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో దాదాపు 40 శాతం. అది చాలదన్నట్లు, విముక్తులైనవారు 'శిక్షణ' పేరుతో అదే యజమాని దగ్గర మరికొన్నేళ్ళు వారంలో ఎక్కువ గంటలు కూలి లేకుండా చేయాలన్నారు. ఎవరికి ఎవరు ఏమి నేర్పారో తెలియదు గానీ, నిరసనలు పెరిగి 1838 ఆగస్టు 1న ఆ ఏర్పాటు ఎత్తివేయవలసి వచ్చింది. ఇక ఆ 2 కోట్ల కోసం 1835లో చేసిన అప్పు తరువాతి రుణపత్రాల్లో కలిసిపోయి, ఎట్టకేలకు 2015లో తీరిందని బ్రిటిష్ ఖజానా శాఖే 2018లో చాటింది, ఏదో ఘనకార్యంలాగా. అంటే జమైకా నుంచి వచ్చి లండన్‌లో బస్సులు నడిపిన బానిసల మునిమనుమలు కూడా తమ తాతల యజమానులకిచ్చిన సొమ్ముకు పన్నులు కట్టారన్నమాట.

ఆ చట్టంలో మనకు సంబంధించిన ఒక చిన్న వాక్యం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఇది వర్తించదట! ఇక్కడి బానిసత్వం గురించి 1843 దాకా చట్టం రాలేదు. వచ్చిన చట్టం కూడా, ఫలానా వ్యక్తి నా బానిస అన్న వాదనను కోర్టులు అంగీకరించరాదన్నది తప్ప, ఎవరినీ ఇంటికి వెళ్ళి విడిపించలేదు.

ఈలోగా కరీబియన్ యజమానులకు పరిహారమైతే ముట్టింది గానీ చెరుకు నరికే చేతులు కరువయ్యాయి. జాన్ గ్లాడ్‌స్టన్ అనే లివర్‌పూల్ వర్తకుడు (తరువాత బ్రిటిష్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌కు తండ్రి) 1836 జనవరిలోనే కలకత్తా కంపెనీకి ఉత్తరం రాసి కూలీలను పంపగలరా అని అడిగాడు. ఈయనకు 2,508 మంది బానిసలకు గాను లక్షా 6 వేల పైచిలుకు పౌండ్ల పరిహారం దక్కింది. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు దాదాపు 400 మంది భారతీయులను బ్రిటిష్ గయానాలో దించాయి. 'శిక్షణ' ఇంకా ముగియనే లేదు. పాతవారు పోకముందే కొత్తవారు దిగారు.

అలా మొదలయిన ఒప్పంద కూలీ పద్ధతి 1917లో ఆగేవరకూ కరీబియన్ ప్రాంతానికి 5 లక్షల మందికి పైగా భారతీయులను చేర్చింది. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి పోయిన భోజ్‌పురి వారే. అయినా మద్రాసు ఓడల్లో పోయిన తెలుగు, తమిళులు గయానాలో, ట్రినిడాడ్‌లో 'మద్రాసీ' అన్న ఒక్క పేరు కింద కలిసిపోయారు. ఫ్రెంచివారి మార్టినీక్, గ్వాడలూప్ దీవులకు 1853, 54 నుంచి దక్షిణాదివారే ఎక్కువగా పోయారు. యానాం నుంచి తెలుగు కూలీలు హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవికి 1828లోనే, అంటే బానిసత్వం అక్కడ ఇంకా నడుస్తుండగానే, పోయారు. మారిషస్ సంగతి మీకు తెలిసిందే. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ నాటాల్ చెరుకు తోటలకు మనవాళ్ళను మోసుకుపోయింది. 1903 నుంచి ఫిజీకి కూడా.

ఒప్పందం అయిదేళ్ళు. వేలిముద్ర వేసిన కాగితంలో కూలి, బియ్యం, వైద్యం అన్నీ రాసి ఉంటాయి. అయితే పనికి రాకపోవడం ఒప్పంద భంగం కాదు, నేరం. జరిమానా, కాదంటే జైలు. చీటీ లేకుండా తోట దాటి దొరికితే అంతే. బానిసత్వానికీ దీనికీ తేడా లేదా అంటే, ఉంది. అయిదేళ్ళ తరువాత గడువు తీరుతుంది. పిల్లలు యజమాని సొత్తు కారు. మనిషిని సంతలో అమ్మరు. ఇవి చిన్న తేడాలు కావు. కానీ తోట అదే, గుడిసె అదే, చాలాచోట్ల మేస్త్రి కూడా అతడే.

ఇంతవరకూ రాసిన తెలుగువాళ్ళంతా తీరాంధ్ర, ఉత్తరాంధ్రల వాళ్ళు. నిజాం రాజ్యంలోని మా ఎలగందల జిల్లావాళ్ళకు (ఇదే తరువాతి కరీంనగర్) సముద్రం దూరం. మావాళ్ళు ఓడలెక్కలేదు. ఎక్కవలసిన అవసరం లేకుండా ఊళ్ళోనే ఏర్పాటు ఉండేది.

వెట్టి గురించి తెలంగాణ పాఠకులకు చెప్పనక్కరలేదు గానీ మిగతావారి కోసం క్లుప్తంగా. ఊరి దొర గడికి ప్రతి కులమూ ఊరకే చేయవలసిన పని అది. చాకలి బట్టలుతికి నీళ్ళు మోసి వంటచెరకు కొట్టాలి. మంగలి ఒళ్ళు పిసకాలి. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులూ మోట తోలు బొక్కెనలూ ఇవ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి. తొలకరి పడితే రైతు నాగలి ముందు దొర పొలంలో దిగాలి, ఆ తరువాతే తన చెలకలో. దీనికి తోడు భగేలా. పెండ్లికో చావుకో దొర దగ్గర అప్పు తీసుకున్న మనిషి, అది తీరేదాకా జీతం ఉండాలి. జీతం అప్పుకు వడ్డీ కిందికే సరిపోయేది. తండ్రి చస్తే కొడుకు. "జీతముండుడంటె మనిషిని కుదువ వెట్టుడే" అనేది నాయనమ్మ. నగలు కుదువ పెట్టినట్లు!

దీన్ని కరీబియన్ బానిసత్వంతో పోల్చడం నాకు కొంత ఇబ్బందిగానే ఉంది. అక్కడివారి భాష పోయింది, దేవుళ్ళు పోయారు, పేరు పోయింది, తల్లికీ బిడ్డకూ మధ్య వేలంపాట వచ్చింది. మావాళ్ళకు ఇల్లూ, కులమూ, బతుకమ్మా మిగిలాయి. అయితే, ఆ మిగిలిన కులమే మెడకు తాడు కూడా అయింది. దీవిలో పారిపోయినవాడు కొండలెక్కితే కొత్త మనిషి కావచ్చు. జమైకా కొండల్లో అలా స్వేచ్ఛగా బతికిన ఊళ్ళే ఉన్నాయి. మా దగ్గర పక్క ఊరికి పారిపోయిన చాకలి అక్కడా చాకలే, అక్కడా ఓ గడి ఉంటుంది. ఏది ఎక్కువ ఏది తక్కువ అని తూచే త్రాసు నా దగ్గర లేదు. పోలిక నేను వెతుకుతున్నది బాధలో కాదు, లెక్క తేల్చుకున్న తీరులో.

మరొక మాట. ఇదంతా చెరుకు చేసిన పాపం కాదు. మా ప్రాంతంలో చెరువు కింద, బావి కింద ఎప్పటినుంచో చెరుకు పండించారు. ఎడ్ల గానుగలాడించి బెల్లం వండారు. దానికి బానిసలు కావలసి రాలేదు. నిజాం సాగర్ నీళ్ళు పారాక, 1930ల చివర బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం పెట్టి, దానికి వేల ఎకరాల సొంత సాగుభూములు ఏర్పరిచారు. వాటిలో పనిచేసినవారు కూలీలే గానీ బానిసలు కారు. మొక్క ఒకటే. భూమి ఎవరిదన్నదే కథను మార్చింది.

చట్టాల వరుస చూస్తే నవ్వొస్తుంది. భగేలా ఒప్పందాలను అదుపు చేస్తామంటూ నిజాం ప్రభుత్వం 1936లో ఒక శాసనం చేసింది. తెలంగాణ సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్లుల్లో గడులను కదిలించింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. అయినా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో 1970ల దాకా గడి గడిలాగే ఉంది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. ఆ చట్టంలో ఒకచోట దేశం నలుమూలలా ఈ పద్ధతికున్న పేర్లన్నీ వరుసగా రాశారు. భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మా నాయనమ్మ నోటి మాటలు పార్లమెంటు చట్టంలో! చదివినప్పుడు గర్వపడాలో సిగ్గుపడాలో అర్థం కాలేదు.

ఈ చట్టం 1833 నాటి చట్టం కంటే ఒక విషయంలో మేలు. చాకిరీకి మూలమైన అప్పు రద్దయినట్లేనన్నది. యజమానికి పరిహారం అనలేదు. విడిపించిన మనిషికి పునరావాసం కింద 4,000 రూపాయల దాకా ఇచ్చే పథకం 1978లో వచ్చింది. కానీ ఊళ్ళో ఆ చట్టం చదివి చెప్పేవాడెవడు? పట్వారీ దొర మనిషే, పటేలూ దొర మనిషే.

1977లో ఎమర్జెన్సీ ముగిసింది. చదువుకున్న కుర్రవాళ్ళు ఊళ్ళకు వచ్చారు. ఊరూరా రైతుకూలీ సంఘాలు పుట్టాయి. 1978 సెప్టెంబరు 7న వేలాదిమంది కూలీలు, రైతులు జగిత్యాల పట్టణంలోకి నడిచి వచ్చారు. జగిత్యాల జైత్రయాత్ర అని దాన్నే అంటారు. ఎవరూ ఓడలెక్కి పోలేదు, ఎవరినీ చంపలేదు. వీధి వెంట నడిచారు, అంతే. దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని పక్కకు తొలగిన మనుషులకు అది చిన్న సంగతి కాదు.

సంఘాల కోరికలు చూడండి. వెట్టి పోవాలి. కూలి పెరగాలి. దొరలు ఆక్రమించిన బంజరూ, ఇళ్ళ స్థలాలూ తిరిగి రావాలి. ఇవన్నీ ఎక్కడైనా ఉండే కోరికలే. ఇంకొకటి ఉంది, నన్ను ఆపివేసింది అదే. పంచాయితీల పేరు చెప్పి ఏళ్ళ తరబడి వసూలు చేసిన దండుగలను, మామూళ్ళను దొరలు వాపసు ఇవ్వాలన్నారు. ఇప్పించారు కూడా. ఊరంతా కూర్చున్న చోట, ఫలానా ఏడు ఫలానా తగువులో ఇంత పుచ్చుకున్నావని లెక్క చెప్పి, తిరిగి ఇప్పించారు. ఒప్పుకోని దొరకు చాకలి, మంగలి, పాలేరు ఎవరూ పనికి పోలేదు. గడిలో నీళ్ళు తోడేవాళ్ళు లేక దొరసానులే చేద పట్టుకున్నారని ఇప్పటికీ ముసలివాళ్ళు చెప్పుకుని నవ్వుతారు.

హైతీలో విడిపోయినవాడు కట్టాడు. బ్రిటన్‌లో పన్నుదారు కట్టాడు, బానిస ఒళ్ళు వంచి కట్టాడు. 1976 చట్టంలో ఎవరూ ఎవరికీ కట్టనక్కరలేదన్నారు. జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో కొన్ని నెలలపాటు పుచ్చుకున్నవాడు కట్టాడు. మొత్తం అప్పులో అది ఏ మూలకూ రాదు. తరతరాల చాకిరీకి ఎవరూ లెక్క కట్టలేదు. కానీ సొమ్ము నడిచిన దిశ మారింది. నేను చదివినంతలో, ఈ పొడవాటి కథలో అది అరుదైన సంఘటన.

ఆ తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1978 అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు వెలిశాయి. చాలామంది దొరలు పట్నాలకు తరలిపోయారు, చాలామంది కుర్రవాళ్ళు అడవికి పోయారు. తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో రెండు వైపులా కారిన నెత్తురు ఆ జైత్రయాత్రలో నడిచిన చాలామంది కోరుకున్నది కాదు. దాని గురించి రాయడానికి నాకంటే అర్హులున్నారు.

అప్పుడే మరో దారి తెరుచుకుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా దగ్గర ఒక వరుస చెబుతారు. 1970ల చివరి నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ళ నుంచి గల్ఫుకు పోవడం మొదలయింది. వెట్టి పోయిన ఇంటి కొడుకు పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఏజెంటుకు కట్టడానికి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. దిగగానే పాస్‌పోర్టు కఫీల్ చేతికి పోయేది. పని నచ్చక బయటపడితే 'ఖల్లివెల్లి' అయ్యేవాడు. ఈ మాట మా ఊళ్ళలో ఇప్పుడు తెలుగు మాటే. పిల్లలు కూడా వాడతారు. యజమానిని వదిలి పోవడం నేరం, చీటీ లేకుండా దొరికితే జైలు... పైన నాటాల్, గయానాల దగ్గర రాసిన వాక్యాలే మళ్ళీ రాస్తున్నానేమోననిపించి వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. ఈ మధ్య కాలంలో అక్కడి చట్టాలు కొన్ని మారాయి. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారే వీలిచ్చింది. ఇక్కడ ఏజెంటు బాకీ మాత్రం ఏ చట్టమూ మార్చలేదు.

గల్ఫును బానిసత్వమంటే మా ఊరివాళ్ళే ఒప్పుకోరు. కోరుట్లలో స్లాబు ఇళ్ళు, ఆడపిల్లల పెండ్లిళ్ళు, ఇంజనీరింగు చదువులు చాలావరకు ఆ డబ్బుతోనే అయ్యాయి. ఇష్టపడి పోయారు, తిరిగి వచ్చారు, మళ్ళీ పోయారు. మా పక్కింటాయన ముప్పై ఏళ్ళు అక్కడ చేసి వచ్చాడు. "గడిల చేసినదానికంటె నయమే గదా తమ్మీ, నెలనెలా చేతుల వడ్డది" అంటాడు. ఆయన తండ్రి జీతగాడు. పోల్చే హక్కు ఆయనకుంది, నాకు లేదు.

ముత్యంపేట కర్మాగారం మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెదక్ యూనిట్లతో పాటు అదీ మూతపడింది. లండన్‌లో బానిస యజమానుల పరిహారపు అప్పు తీరిన సంవత్సరమే! ఇందులో కార్యకారణ సంబంధమేమీ లేదు, సంవత్సరాలు అలా కలిశాయంతే. చెరుకు వేసిన మళ్ళలో మావాళ్ళు వరి, పసుపు, మొక్కజొన్న వేసుకున్నారు.

నాయనమ్మ మాట దగ్గరికి వస్తాను. 1960లలో ఎప్పుడో మా బర్రె దొర పొలంలో పడిందని తాతకు అరవై రూపాయల దండుగ వేశారట. ఆ డబ్బు కట్టడానికి తాత ఏడాదిపాటు ఒకచోట జీతమున్నాడట. 1978లో ఊరి సంఘం ముందు ఆ అరవై రూపాయలు మళ్ళీ చేతికొచ్చాయి. వడ్డీ అడుగుదామన్నారట కొందరు. తాత వద్దన్నాడట. ఎందుకు వద్దన్నాడని అడిగితే నాయనమ్మ, "గాయన గంతే" అని కొట్టిపారేసేది.

ఆ డబ్బుతో ఆమె ఇత్తడి బిందె కొనుక్కుంది. మెడ మీద తాత పేరూ, కింద 1978 అనీ చెక్కించి ఉంది. పోయిన ఎండాకాలం అడుగున చిల్లి పడితే మాటు వేయించాం.